అబ్బాయి నాకూ టికెట్టు తీశాడు, వెళ్లవచ్చా?

2025 జనవరిలో ఇంగ్లండుకు చెందిన రాక్ సంగీత బృందం కోల్డ్‌ప్లే నవీ ముంబయిలో 18, 19, 21 తేదీల్లోనూ, అహ్మదాబాద్‌లో 25, 26 తేదీల్లోనూ కచేరీలు చేయబోతున్నందువల్ల కాబోలు, 2024 చివర్లో ఒక నెల హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడు దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఉత్తరాలను కొంత కుదించి, అప్పటి జవాబులతో సహా ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: నా వయసు 63. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయికి 32 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాతోనే ఉంటాడు. వాడు ఇంటర్ చదివే రోజుల్లో కోల్డ్‌ప్లే పాటలు పెడితే ఆ గోల తగ్గించమని కేకలు వేసేదాన్ని. ఏళ్లు గడిచేసరికి వంట చేసుకుంటూ వాటినే కూనిరాగం తీయడం అలవాటైంది. కరోనా కాలంలో ఇద్దరం కలిసి సాయంత్రాలన్నీ వాటితోనే గడిపాము. మాటలు సగం అర్థం కాకపోయినా ఏ ఆల్బమ్‌లో ఏ పాట తర్వాత ఏది వస్తుందో చెప్పగలను. నవంబరు 16న వాడు జనవరి 25 అహ్మదాబాద్ కచేరీకి రెండు టికెట్లు తీసి, ఒకటి నీకే అన్నాడు. ‘ఈ వయసులో అక్కడ నీకేం పని’ అంటున్నారు మావారు. మా ఆడపడుచు అయితే పకపకా నవ్వింది. నా బెంగ వేరు. స్నేహితులతో సరదాగా గడపవలసిన చోట నేను వాడికి అడ్డమవుతానేమో? ఆ జనాన్నీ, ఆ శబ్దాన్నీ, తాగి వచ్చేవాళ్లనూ తట్టుకోగలనా? వెళ్లడమే మంచిదని మీరంటే, వాడు రెండు మూడు రోజులు ఒంటరిగా చిక్కుతాడు కాబట్టి, ఎన్నాళ్లుగానో దాటవేస్తున్న పెళ్లి సంబంధం సంగతి కూడా నెమ్మదిగా మాట్లాడవచ్చని ఆలోచిస్తున్నాను.
— ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీవారి మాటకూ, ఆడపడుచు నవ్వుకూ పెద్దగా సమాధానం అక్కరలేదు. మీ వయసువారు అరుణాచలం వెళ్లి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసి వస్తామంటే ఎవరూ నవ్వరు; అక్కడా లక్షల జనమే, అక్కడా కాళ్ల నొప్పులే.

అడ్డమవుతానేమో అన్న మీ బెంగ గురించి మాత్రం కొంత వివరంగా చెప్పుకోవాలి. ఈ కచేరీలకు ఒక్కొక్కరు నాలుగు టికెట్ల వరకు తీసుకునే వీలుంది. మధ్యాహ్నం అమ్మకం మొదలైన క్షణానికే లక్షలమంది ఆన్‌లైన్ వరుసలో చేరిపోతారు. ఫోను తెర మీద మన ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో చూపించే అంకె నెమ్మదిగా కరుగుతూ ఉంటుంది, అది కరిగేలోపు టికెట్లు మిగులుతాయన్న భరోసా ఏమీ ఉండదు. అంత తంటాలు పడినవాడు మొహమాటానికి ఎవరినీ వెంటబెట్టుకుపోడు. మీ అబ్బాయి నాలుగు తీసి ముగ్గురు స్నేహితులను పిలుచుకోగలిగి ఉండి కూడా రెండే తీశాడు. ఏ పాట తర్వాత ఏది వస్తుందో తెలిసిన మనిషి పక్కన ఉండాలని అతనికి అనిపించింది, ఆ మనిషి మీరయ్యారు. అమ్మను ఎక్కడికైనా తిప్పాలన్న బాధ్యతతో తీసిన టికెట్టు అయితే అది తిరుపతికో షిర్డీకో అయి ఉండేది.

కాబట్టి ఈ ప్రయాణంలో మీరు వెళుతున్నది తోటి శ్రోతగా. రాసినంత తేలిక కాదిది. దారి చూసేది అతను, టికెట్లు దాచేది అతను, ఏ గేటో కనుక్కునేది అతను; మీకేమో ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ స్వెటర్ వేసుకున్నావా, ఫోను జాగ్రత్త, నీళ్లు తాగావా అని నోటి చివరి దాకా వస్తుంది. అతని వైపు నుంచీ అదే జరుగుతుంది: కూర్చుంటావా, బాగానే ఉన్నావా, వెళ్లిపోదామా అని పాట పాటకూ అడిగి, తానూ వినడు, మిమ్మల్నీ విననివ్వడు. బయలుదేరే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. ఇబ్బందిగా ఉంటే నేనే చెబుతాను, నువ్వు అడగవద్దు అని చెప్పండి. నిజంగా ఇబ్బంది కలిగినప్పుడు దాచుకోకుండా చెప్పండి కూడా. మన తల్లులకు ఈ రెండో సగమే కష్టం.

ఇక మీ ఉత్తరంలో చివరి వాక్యం. అది చదివాకే ఈ జవాబు ఇంత వివరంగా రాయాలనిపించింది. దయచేసి ఆ మూడు రోజులు పెళ్లి మాట ఎత్తకండి. మీ ఆదుర్దా న్యాయమైనదే కావచ్చు, ఆ సంబంధం మంచిదే కావచ్చు. కానీ ఇష్టంగా పిలిచిన చోటుకు వచ్చి, తప్పించుకు పోవడానికి వీలులేని విమానం సీట్లోనో హోటల్ గదిలోనో ఆ విషయం తెస్తే, అమ్మ కచేరీకి వచ్చింది ఇందుకా అని అతనికి అనిపించక మానదు. అలా ఒకసారి అనిపించాక రెండో టికెట్టు తీయడానికి చెయ్యి వెనుకాడుతుంది. తార్నాకలో మీ ఇద్దరికీ రోజూ సాయంత్రాలు ఉన్నాయి, ఆ మాటకు అవి చాలు. అతనే ఎత్తితే మాత్రం వినండి. అప్పుడు కూడా ఫొటోలు చూపించడానికి ఫోను తీయవద్దు.

డబ్బు సంగతి మీరు అడగలేదు గాని చెప్పడం అవసరం. టికెట్ల ధరలు 2,500 రూపాయల నుంచి మొదలవుతున్నాయి, విమాన ఛార్జీలు వేరు, ఆ వారాంతానికి అహ్మదాబాద్‌లో హోటల్ గదుల అద్దెలు ఎన్నో రెట్లు పెరిగాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. ఖర్చు లెక్క వేసి మీ సగం అతని చేతిలో పెట్టాలని చూడకండి, తీసుకోడు, పైగా చిన్నబుచ్చుకుంటాడు. భోజనాలు, ఆటో ఖర్చులు నావి అని ముందే చెప్పి అవి మీరు పెట్టుకోండి, ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. మీవారిని కూడా అహ్మదాబాద్ దాకా తీసుకువెళ్లి హోటల్లో ఉంచుదామన్న ఆలోచన ఎవరైనా చేస్తే ఒప్పుకోకండి. కచేరీ జరిగినంతసేపూ మీ మనసు ఆ గది మీదే ఉంటుంది. ఆ రెండు రాత్రులు ఆయన తన అన్నం తాను వండుకోగలరు.

ప్రయాణం విషయానికి వస్తే, జనవరి 25 శనివారం. అదే రోజు ఉదయం విమానం ఎక్కుదామని మీ అబ్బాయి అనవచ్చు. శుక్రవారమే బయలుదేరడం మేలు. శంషాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు విమానంలో రెండు గంటలు కూడా పట్టదు గాని, గణతంత్ర దినోత్సవం ముందు రోజుల్లో విమానాశ్రయాల్లో తనిఖీలు ఎక్కువగా ఉంటాయి, విమానం ఆలస్యమైతే ఆ కంగారంతా కచేరీ మీద పడుతుంది. బస స్టేడియం పక్కనే కావాలని పట్టుబట్టవద్దు. ఎ.పి.ఎం.సి. నుంచి మొతేరా స్టేడియం మీదుగా వెళ్లే మెట్రో మార్గంలో పాల్డీ వైపు ఎక్కడ దొరికినా, రోడ్ల మీద కార్లు కదలకుండా నిలిచిపోయిన సాయంత్రం మీరు హాయిగా చేరుకుంటారు. ఆ రోజు చివరి రైలు ఎన్నింటికో మాత్రం కచేరీ వారంలో ఒకసారి కనుక్కోవాలి. సాంఘిక శాస్త్రం చెప్పినవారు కాబట్టి ఒక మాట: శనివారం ఉదయం కాళ్లు అరిగేలా ఊరు తిరగకండి. సబర్మతి ఆశ్రమం, అడాలజ్ మెట్లబావి ఆదివారానికి అట్టే పెట్టుకోండి.

తాగి వచ్చేవాళ్ల భయం మీకు ముంబయిలోనో బెంగళూరులోనో అయితే కొంత సహజం. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి మద్యనిషేధం ఉంది, స్టేడియంలో మద్యం అమ్మరు. చుక్క కూడా కనిపించదని మేము హామీ ఇవ్వలేము గాని, మీరు ఊహించుకుంటున్న దృశ్యం మాత్రం అక్కడ ఉండదు. మీ టికెట్టు కూర్చునే గ్యాలరీదా, మైదానంలో నిలబడేదా అన్నది ఇవాళే చూడండి. 1,32,000 మంది పట్టే ఆ స్టేడియంలో పై అంతస్తు సీటు అయితే మెట్లు చాలా ఎక్కవలసి ఉంటుంది, తొందరపడకుండా ఎక్కడానికి ముందుగా చేరుకోవాలి. ఇంటి నుంచి పులిహోర కట్టుకు వెళితే ఆ డబ్బా గేటు దగ్గరే ఆగిపోతుంది. బయట భోజనం చేసి వెళ్లండి. రక్తపోటుకో చక్కెరకో మాత్రలు వాడుతుంటే వాటిని డాక్టరు చీటీతో సహా వెంట ఉంచుకోండి. జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగడం మామూలే కాబట్టి శాలువా ఉండాలి.

శబ్దం విషయంలో ధైర్యం కన్నా దూది కన్నా కూడా పనికివచ్చేది మందుల దుకాణాల్లో దొరికే మెత్తటి ఇయర్ ప్లగ్. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు చెవులు భరించగలవని నిపుణుల లెక్క; ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది పావుగంటే. పెద్ద కచేరీల్లో శబ్దం 100 దాటడం సాధారణం, కచేరీ రెండు గంటలు సాగుతుంది. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నటి వత్తిలా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బి చెవిని నింపేదాకా వేలితో పట్టి ఉంచాలి. పైపైన దోపుకుంటే ఉన్నా లేనట్టే. సరిగా అమరితే పాట వినపడుతూనే ఉంటుంది, దెబ్బ మాత్రం తగ్గుతుంది. ఇంట్లో రెండు మూడుసార్లు అభ్యాసం చేయండి, మీ అబ్బాయి చేత కూడా పెట్టించండి. అతని చెవులు మీ చెవుల కన్నా గట్టివేమీ కావు.

ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 గంటల వరకే నిబంధనలు అనుమతిస్తాయి, ప్రత్యేక సడలింపు ఉంటే తప్ప. అందువల్ల కచేరీ బాగా పొద్దుపోయే దాకా సాగుతుందన్న భయం అక్కరలేదు. అయితే ముగియగానే లేచి పరుగెత్తవద్దు. అరగంట సీట్లోనే కూర్చుంటే మెట్ల మీద తోపులాట తగ్గుతుంది. ఒక్కచోట లక్ష ఫోన్లు చేరితే సిగ్నల్ అందదు కాబట్టి, విడిపోతే ఏ గేటు వద్ద, ఏ స్తంభం వద్ద కలుసుకోవాలో లోపలికి వెళ్లేటప్పుడే చూసి పెట్టుకోండి. హోటల్ చిరునామా ఒక కాగితం మీద రాసి మీ పర్సులో ఉంచుకోండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాము. మా నాన్నగారికి 61. ఇంజనీరుగా పనిచేసి రిటైర్ అయ్యారు. ఇంగ్లీషు రాక్ సంగీతం నాకు పరిచయం చేసింది ఆయనే, కోల్డ్‌ప్లే మొదటి ఆల్బమ్ 2000లో వచ్చినప్పటి నుంచీ వింటున్నారు. జనవరి 21న నవీ ముంబయి కచేరీకి ఇద్దరికీ టికెట్లు దొరికాయి గాని అవి మైదానంలో నిలబడి చూసేవి. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఇంట్లో మెట్లు కూడా పక్కకు తిరిగి ఒక్కొక్కటిగా దిగుతారు. ‘నేను నిలబడగలను, నా సంగతి నువ్వు చూడకు’ అంటారు. ఆయన మనసు నొప్పించకుండా ఏం చేయాలి? ఆయనకు రైలంటే ఇష్టం; రైల్లో వెళ్లడం మంచిదేనా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నిలబడగలరా లేదా అన్నది వాదనతో తేలేది కాదు, నిలబడి చూస్తేనే తెలుస్తుంది. సాధారణంగా ఏటా జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది. మొదటి వారంలో ఒక సాయంత్రం నాన్నగారిని తీసుకువెళ్లి, మూడు గంటలు ఎక్కడా కూర్చోకుండా తిరగండి. ఇది పరీక్ష అని దాచకండి, ‘కచేరీకి ముందు ఇద్దరం ఒకసారి చూసుకుందాం’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంజనీరు కదా, ట్రయల్ వేయకుండా యంత్రాన్ని నడపకూడదన్న వాదన ఆయనకు మీ కన్నా బాగా తెలుసు. మైదానం టికెట్టువారు మంచి చోటు కోసం మధ్యాహ్నం నుంచే చేరుకుంటారు కాబట్టి, మొత్తం ఐదారు గంటలు నిలబడక తప్పదన్న లెక్క కూడా ముందే ఆయన ముందు పెట్టండి. మూడు గంటలకే కష్టమనిపిస్తే నిర్ణయం ఆయనే చెబుతారు. అప్పుడు టికెట్లు అమ్మిన సంస్థకు రాసి, ఎక్కువసేపు నిలబడలేనివారికి విడిగా చోటు ఉందేమో అడగండి. ఈ రాయబారాలన్నీ ఆయనకు తెలిసే జరగాలి. తెలియకుండా చక్రాల కుర్చీ ఏర్పాటు చేసి గేటు దగ్గర ఆశ్చర్యపరచడం వంటి పని మాత్రం చేయకండి, ఆ సాయంత్రం అక్కడితో ముగిసిపోతుంది.

వేదికకు దగ్గరగా వెళ్లాలన్న ఆశ వదులుకుంటే సగం సమస్య తీరుతుంది. మైదానంలో వెనుక అంచున గుంపు పలచగా ఉంటుంది, కాళ్లు కదపడానికి చోటుంటుంది, కావాలంటే కాసేపు బయటికి వచ్చి వెళ్లవచ్చు. పెద్ద తెరలు అక్కడి నుంచీ కనిపిస్తాయి.

రైలు మంచి ఆలోచన. నాంపల్లిలో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు తెల్లవారుతుండగా ముంబయి చేరే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మీకు అనుకూలం. కచేరీ మంగళవారం కాబట్టి ఆదివారం బయలుదేరితే సోమవారం విశ్రాంతి దొరుకుతుంది. బెర్తు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 60 దాటిన పురుషులకూ, 45 దాటిన మహిళలకూ కింది బెర్తుల కోటా ఉంది గాని, అదే టికెట్టు మీద ఆ వయసు రాని మీ పేరు కూడా ఉంటే ఆ కోటా వర్తించదు. నాన్నగారికి విడిగా ఆ కోటాలో, మీకు విడిగా మామూలుగా టికెట్లు తీయండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతోంది కాబట్టి ఇప్పటికే ఆలస్యమైంది, ఈ సంచిక చేతిలో పెట్టుకునే ప్రయత్నించండి. ముంబయి సి.ఎస్.ఎం.టి.లో దిగాక పన్వేల్ వైపు వెళ్లే హార్బర్ లోకల్ ఎక్కితే నేరుగా నేరుళ్ వస్తుంది, డి.వై. పాటిల్ స్టేడియం ఆ స్టేషనుకు దగ్గరే. ఉదయం పూట జనమంతా ముంబయి వైపు వస్తుంటారు, మీరు వెళ్లేది ఎదురు దిశ కాబట్టి నాన్నగారికి సీటు దొరుకుతుంది. తిరుగు ప్రయాణం మాత్రం కచేరీ రాత్రికే పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తోంది. కోల్డ్‌ప్లే అంటే ప్రాణం, కానీ టికెట్టు దొరకలేదు. ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు టికెట్లు అయిదు రెట్ల ధరకు ఇస్తామంటున్నారు. కొని, తనకు చెప్పకుండా ముంబయి తీసుకువెళ్లి ఆశ్చర్యపరచాలని ఉంది. ఏమంటారు?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొనకండి. ఫోనులో పంపే టికెట్టు బొమ్మను అదే మనిషి పదిమందికి అమ్మగలడు. గేటు వద్ద మొదట స్కాన్ చేయించుకున్నవాడు లోపలికి పోతాడు, మిగిలిన తొమ్మిదిమంది బయట నిలబడతారు. అనధికారికంగా కొన్న టికెట్లు చెల్లకపోవచ్చని అమ్మిన సంస్థ ముందే హెచ్చరించింది. ఈ కచేరీల టికెట్ల నల్లబజారు మీద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2024 అక్టోబరులో పలు నగరాల్లో సోదాలు కూడా జరిపింది. అయిదు రెట్లు పెట్టి అమ్మాయిని నవీ ముంబయి దాకా తీసుకువెళ్లి గేటు దగ్గర నుంచి వెనక్కి తిప్పడం కన్నా చేదైన ఆశ్చర్యం ఉండదు.

చెప్పకుండా చేయాలన్న ఆలోచన కూడా మాకు అంతగా నచ్చలేదు. ఉద్యోగం చేసే పిల్లకు సెలవు కావాలి, ఆ రోజు మరో పని ఉండవచ్చు, అన్నిటికీ మించి కచేరీకి తనతో ఎవరు రావాలన్నది తన ఇష్టం. ‘టికెట్లు దొరికితే నాతో వస్తావా’ అని నేరుగా అడగండి. అధికారిక యాప్‌లో రద్దయిన టికెట్లు మళ్లీ అమ్మకానికి వస్తాయేమో ఇద్దరూ కలిసి గమనిస్తూ ఉండండి. అవీ దొరకకపోతే, 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో గాయకుడు ఎడ్ షీరన్ కచేరీ ఉంది. అది బ్యాండ్ కాదు, గిటార్ పట్టుకుని ఒక్కడే పాడతాడు, మీ అమ్మాయికి నచ్చుతాడో లేదో తననే అడగాలి. వెళితే మాత్రం, మెట్రో ఎల్.బి. నగర్ దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి విజయవాడ రహదారి మీద ఇంకా చాలా దూరం పోవాలి కాబట్టి, రాత్రి తిరిగి రావడానికి బండి పగలే మాట్లాడి పెట్టుకోండి.